మెస్మర్ హస్తవాసి

ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదనే మాట మన ఇళ్లలో తరచూ వినపడుతుంది. అదే మందు, అదే మాత్ర. ఒకరు రాసిస్తే తగ్గని జబ్బు ఇంకొకరు రాసిస్తే రెండోరోజుకే నెమ్మదిస్తుంది. పిల్లాడికి జ్వరం వస్తే మాత్ర వేసినా సరే, అమ్మమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యేసి కూర్చుంటే గాని వాడికి నిద్ర పట్టదు. చేతిలో ఏదో ఉందన్న నమ్మకం మనకి కొత్తదేమీ కాదు.

ఆ నమ్మకానికి ఇప్పుడు కొత్త పేర్లు వచ్చాయి. రేకీ, ప్రాణిక్ హీలింగ్, ఎనర్జీ హీలింగ్ అంటూ చిన్న ఊళ్లలో కూడా బోర్డులు కనిపిస్తున్నాయి. వెళ్లొచ్చినవాళ్లలో కొందరు ఒళ్లంతా తేలికైపోయిందంటారు. కొందరు డబ్బు దండగ అంటారు. వెళ్దామా వద్దా అని ఊగిసలాడేవాళ్లు మాత్రం అసలు అక్కడ ఏం చేస్తారు, మనకేం తెలుస్తుంది అని అడుగుతుంటారు. నన్నడిగినవాళ్లకి నేను ఒక మనిషి జీవితకథ చెబుతుంటాను. ఆయన పోయి రెండొందల ఏళ్లు దాటింది. అయినా ఇవాళ్టి హీలింగ్ సెషన్లో ఏమేం జరుగుతాయో అందులో చాలావరకు ఆయన ఇంట్లో అప్పుడే జరిగిపోయాయి.

ఆయన పేరు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్. మంచి పాట వింటే మెస్మరైజ్ అయిపోయామంటాం. తిరనాళ్లలో ఇంద్రజాలికుడు మెస్మరిజం చేసి చూపిస్తానంటాడు. ఆ మాటలన్నీ ఈ మనిషి పేరులోంచి పుట్టినవే.

సరస్సు ఒడ్డు నుంచి వియన్నాకి

మెస్మర్ 1734 మే 23న జర్మనీలో కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న ఇజ్నాంగ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బిషప్‌గారి అడవులని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. కొడుకు మొదట క్రైస్తవ గురువులు నడిపే విద్యాలయాల్లో చదివాడు. తర్వాత వియన్నా చేరి వైద్యం వైపు మళ్లాడు. 1766లో, 32 ఏళ్ల వయసులో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు.

ఆ పట్టా కోసం ఆయన రాసిన గ్రంథం గ్రహాలు మనిషి ఒంటి మీద చూపే ప్రభావం గురించి. అంటే మన జాతకాల వంటిది కాదు. చంద్రుడి ఆకర్షణకి సముద్రంలో ఆటుపోట్లు వస్తున్నాయి కదా, నీరూ నెత్తురూ నిండిన మన ఒంట్లో మాత్రం ఆ పోటు ఎందుకుండదు అన్నది ఆయన వాదం. అందులో చాలా భాగం రిచర్డ్ మీడ్ అనే ఇంగ్లీషు వైద్యుడి రచనలోంచి తీసుకున్నదేనని తర్వాతివాళ్లు తేల్చారు. ఆ రోజుల్లో మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

1768లో ఆయన ఆనా మరియా అనే ధనవంతురాలైన వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే వయసులో పెద్దది. తోటా భవనమూ ఉన్న ఆ ఇంటికి సంగీతకారులు వచ్చిపోతుండేవారు. మొజార్ట్ కుటుంబంతో మంచి స్నేహం. మెస్మర్‌కి కూడా సంగీతమంటే ప్రాణం. గాజుగిన్నెల మీద తడివేళ్లు ఆనించి వాయించే గ్లాస్ ఆర్మోనికా ఆయనకి బాగా వచ్చు. ఆ వాయిద్యం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అయస్కాంతాల దగ్గర మొదలు

1774లో ఫ్రాన్సిస్కా ఎస్టెర్లిన్ అనే యువతి ఆయన దగ్గర వైద్యానికి చేరింది. తలనొప్పులు, వాంతులు, మూర్ఛలు, ఒకటి కాదు. ఆ కాలపు వైద్యం ఎలా ఉండేదో తెలిస్తే మనకి ఒళ్లు జలదరిస్తుంది. జబ్బు ఏదైనా ముందు నెత్తురు తీసేవాళ్లు. తర్వాత విరేచనాలకి మందు. ఆ తర్వాత ఒంటి మీద బొబ్బలెక్కించే పట్టీలు. రోగం కంటే వైద్యమే ఎక్కువ ప్రాణం తీసేది.

మెస్మర్ ఆమెకి ఇనుము కలిపిన మందు తాగించి, ఒంటి మీద అయస్కాంతాలు కట్టాడు. ఒంట్లోంచి ఏదో ప్రవాహంలా కిందికి జారుతున్నట్టుందని ఆమె చెప్పింది. బాధలు నెమ్మదించాయి. ఆ అయస్కాంతాలు తయారుచేయించి ఇచ్చిన మాక్సిమిలియన్ హెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ గొప్పతనం అయస్కాంతాలదే అన్నాడు. మెస్మర్ ఒప్పుకోలేదు. లోకమంతా నిండి ఉన్న ఒక సూక్ష్మద్రవం మన ఒంట్లోనూ పారుతుంటుందనీ, దాని దారికి అడ్డం పడితే జబ్బు చేస్తుందనీ, ఆ అడ్డు తొలగించే శక్తి తన చేతుల్లోనే ఉందనీ అన్నాడు. దానికి జంతు అయస్కాంతత్వం అని పేరు పెట్టాడు. అక్కడినుంచి అయస్కాంతాలు కూడా అక్కర్లేకపోయాయి. ఉత్త చేతులు ఒంటి మీదుగా పైనుంచి కిందికి నిమిరితే చాలు.

ప్రవాహం, దానికి అడ్డంకి, చేత్తో ఆ అడ్డంకి తీయడం. ఇప్పుడు ఏ హీలింగ్ సెంటరుకి వెళ్లినా పేర్లు మారతాయి గాని ఈ మూడుముక్కలూ మారవు.

కళ్లు లేని పియానో పిల్ల

1777లో మెస్మర్ దగ్గరకి మరియా తెరీజియా పారాడిస్ వచ్చింది. వయసు పద్దెనిమిది లోపు. తండ్రి రాజాస్థానంలో ఉన్నతోద్యోగి. మూడేళ్ల వయసులో ఆ పిల్ల చూపు పోయింది. అయినా పియానో వాయిస్తుంటే రాజధాని అంతా విని మెచ్చుకునేది. మహారాణి ఆ పిల్లకి పింఛను ఏర్పాటు చేసింది.

ఆస్థాన వైద్యులు ఏళ్లతరబడి చెయ్యని ప్రయత్నం లేదు. జలగలు పట్టించారు. తలకి పట్టీలు వేసి రసి కారేదాకా ఉంచారు. కళ్లకి విద్యుత్ షాకులు పెట్టారు. పాపం, చూపు రాకపోగా ఆ పిల్లకి మనసు కూడా కుంగిపోయింది.

మెస్మర్ ఆమెని తన ఇంట్లోనే ఉంచుకుని వైద్యం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి వెలుగూ నీడా తెలుస్తున్నాయంది. తర్వాత ఆకారాలు. మొదటిసారి మనుషుల ముఖాలు చూసినప్పుడు ముక్కులు చూసి బెదిరిపోయిందనీ, మనుషుల కంటే కుక్క ముఖమే బాగుందనిపించిందనీ తండ్రి ఎంతో సంబరంగా రాసుకున్నాడు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. వెలుగు భరించలేక ఆ పిల్ల కళ్లకి గంతలు కట్టుకోవలసి వచ్చేది. కళ్లు మూసుకుని ధారగా వాయించే వేళ్లు, కళ్లు తెరిచాక మెట్ల మీద తడబడటం మొదలుపెట్టాయి. వైద్యులు వచ్చి పరీక్షించి ఇది చూపే కాదు పొమ్మన్నారు. చూపొస్తే పింఛను పోతుంది, సంగీతమూ పోతుందన్న మాట తల్లిదండ్రుల చెవిన పడింది. పిల్లని పంపించెయ్యమని వచ్చి పడ్డారు. ఆ పిల్ల రానంది. తండ్రి కత్తి దూశాడనీ, తల్లి కోపం పట్టలేక కూతురి తలని గోడకేసి కొట్టిందనీ మెస్మర్ రాశాడు. ఆ గొడవలో వచ్చిన కాస్త చూపూ పోయిందన్నాడు. చివరికి ఆ వేసవిలోనే ఆమె అంధురాలిగానే పుట్టింటికి చేరింది.

నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆ పిల్ల మీదే దృష్టి పోతుంది. ఒకపక్క డాక్టరుకి తన సిద్ధాంతం నెగ్గాలి. ఇంకోపక్క వైద్యులకి తమ పరువు నిలవాలి. ఇంట్లోవాళ్లకి పింఛను ఆగకూడదు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లని అడిగినవాళ్లు ఎవరు?

తొట్టె చుట్టూ పారిస్

వియన్నాలో తలెత్తుకోలేక మెస్మర్ 1778లో పారిస్ చేరాడు. భార్య వియన్నాలోనే ఉండిపోయింది. పారిస్‌లో ఆయన జాతకం తిరిగిపోయింది. వచ్చేవాళ్లు ఎంతమంది అయ్యారంటే ఒక్కొక్కరి మీద చెయ్యివేసే తీరిక లేకపోయింది. అందుకని ఒక గుండ్రటి పెద్ద చెక్కతొట్టె చేయించాడు. లోపల నీళ్లు, ఇనుపరజను, గాజుపొడి, వరసగా పేర్చిన సీసాలు. పైన మూత. మూతకున్న చిల్లుల్లోంచి వంచిన ఇనుపకడ్డీలు బయటికి వస్తాయి. రోగులు చుట్టూ కూర్చుని, నొప్పి ఉన్నచోట ఆ కడ్డీ ఆనించుకోవాలి. ఒక తాడు అందరినీ చుట్టి కలుపుతుంది.

గదికి దట్టమైన తెరలు, గోడలకి అద్దాలు. మాట్లాడకూడదు. ఓ మూలనుంచి గ్లాస్ ఆర్మోనికా సన్నగా మోగుతుంటుంది. ఊదారంగు పట్టు అంగరఖాతో మెస్మర్ వచ్చి, ఒక్కొక్కరి కళ్లలోకి చూస్తూ చేత్తో నిమురుతూ పోతాడు. కాసేపటికి ఒకామెకి దగ్గు, ఇంకొకామెకి వెక్కిళ్లు, మరొకామెకి ఆగని నవ్వు, ఏడుపు. ఒకరికి మొదలైతే పక్కవాళ్లకీ అంటుకునేది. మరీ కొట్టుకుంటుంటే మెత్తటి పరుపులు వేసిన గదిలోకి ఎత్తుకెళ్లేవారు. ఈ స్థితికి సంక్షోభం అని పేరు. అది రావడమే జబ్బు వదలడానికి గుర్తని మెస్మర్ చెప్పేవాడు. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

డబ్బివ్వలేని బీదవాళ్ల కోసం వీధిలో ఒక చెట్టుకి శక్తి ఎక్కించి, దానికి తాళ్లు కట్టించాడు. ఉన్నవాళ్ల దగ్గర మాత్రం గట్టిగానే తీసుకునేవాడు. 1781లో రాజప్రభుత్వం ఏడాదికి 20,000 లివర్ల పింఛను ఇస్తాం, మా మనుషులు పక్కనుండి చూస్తారు అంటే కాదు పొమ్మన్నాడు. మారీ ఆంత్వానెత్ మహారాణికే ఘాటుగా ఉత్తరం రాశాడు. 1783లో ఆయన శిష్యులు ఒక సంఘం పెట్టారు. విద్య నేర్చుకోవాలంటే మనిషికి 100 లూయీ బంగారు నాణేలు, పైగా రహస్యం బయటపెట్టనని ఒప్పందం. అమెరికా యుద్ధవీరుడు లఫాయెత్ అంతటివాడు కూడా చేరాడు. ఇప్పటి హీలింగ్ కోర్సుల్లో మొదటి స్థాయికి ఇంత, రెండో స్థాయికి ఇంత, మాస్టరవ్వాలంటే ఇంత అని చెబుతుంటే నాకు ఆ బంగారు నాణేలే గుర్తొస్తాయి.

రాజుగారి కమిటీ

గొడవ ముదిరి 1784లో పదహారో లూయీ రాజు విచారణకి కమిటీ వేశాడు. అందులో ఎవరెవరున్నారో చూడండి. మెరుపులో ఉన్నది విద్యుత్తేనని నిరూపించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అప్పటికి 78 ఏళ్లవాడు, పారిస్‌లో అమెరికా రాయబారి. మన పిల్లలు రసాయనశాస్త్రం పాఠంలో చదివే లెవోయిజర్. ఖగోళ శాస్త్రవేత్త బాయీ. తర్వాత శిరచ్ఛేద యంత్రానికి పేరు తగిలించుకున్న డాక్టర్ గిలోటిన్. ఇంకో తమాషా ఏమిటంటే మెస్మర్ గదిలో మోగే గ్లాస్ ఆర్మోనికాని 1761లో తయారుచేసింది ఈ ఫ్రాంక్లినే.

మెస్మర్ కమిటీ ముందుకి రానన్నాడు. ఆయన ముఖ్యశిష్యుడు డాక్టర్ డెస్లోన్ సరేనన్నాడు. ఫ్రాంక్లిన్‌కి కదలలేని జబ్బు కాబట్టి కొన్ని పరీక్షలు పాసీలోని ఆయన ఇంట్లోనే పెట్టారు. కమిటీ ఒక్కటే ప్రశ్న వేసుకుంది. రోగికి తెలియకుండా శక్తి పంపితే ఏమవుతుంది? పంపకుండానే పంపామని చెబితే ఏమవుతుంది?

ఫ్రాంక్లిన్ తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకి డెస్లోన్ శక్తి ఎక్కించాడు. పన్నెండేళ్ల కుర్రాడికి కళ్లకి గంతలు కట్టి ఒక్కో చెట్టునీ కావలించుకోమన్నారు. మొదటిచెట్టు దగ్గరే చెమటలు పట్టాయి. నాలుగోదాని దగ్గర స్పృహతప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు మాత్రం అక్కడికి 24 అడుగుల దూరంలో ఉంది!

ఇంకొకామెని కుట్టుపని ఉందని చెప్పి పిలిపించారు. కాగితం అంటించిన తలుపు వెనకనుంచి అరగంటసేపు ఆమెకి శక్తి పంపారు. ఆమె హాయిగా కబుర్లు చెబుతూ కూర్చుంది. అదే మనిషికి ఎదురుగా నిలబడి ఇప్పుడు పంపుతున్నాం అన్నారు. నిమిషాల్లో సంక్షోభం వచ్చేసింది. లెవోయిజర్ ఇంట్లో ఒకామెకి వరసగా గిన్నెల్లో నీళ్లిచ్చారు. శక్తి లేని నాలుగోగిన్నె దగ్గర ఆమె కుప్పకూలింది. తేరుకుని దాహమంటే శక్తి ఎక్కించిన గిన్నె అందించారు. నెమ్మదిగా తాగేసింది.

1784 ఆగస్టులో కమిటీ తన నివేదిక ఇచ్చింది. శక్తి లేకపోయినా ఊహ ఒక్కటి ఉంటే ఒళ్లు కొట్టుకుంటుంది, ఊహ లేకుండా శక్తి ఏమీ చెయ్యదు అన్నది దాని సారాంశం. ఇవాళ కొత్త మందు పరీక్షించేటప్పుడు కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తబిళ్ల ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో చెప్పకుండా చూస్తారు కదా. ఆ పద్ధతికి ఈ గంతలే పూర్వీకులు.

డెస్లోన్ ఊరుకోలేదు. పోనీ ఊహతోనే నయమవుతుందనుకుందాం, ఊహతో చేసే వైద్యమే మంచి వైద్యమైతే దాన్నే ఎందుకు చెయ్యకూడదు అని ఎదురడిగాడు. ఆ ప్రశ్నకి నేటికీ విలువుంది. ఫ్రాంక్లిన్ కూడా అంతకుముందు ఒక ఉత్తరంలో, ఈ నమ్మకం వల్ల కనీసం అతిగా మందులు మింగేవాళ్లకి ఆ అలవాటు తప్పుతుందని రాశాడు. నెత్తురు తీసే ఆ రోజుల్లో అది నిజమే మరి.

రాజు ఒక్కడికే ఇచ్చిన కాగితం

ఆ కమిటీ ఇంకో నివేదిక కూడా రాసి రహస్యంగా రాజుకిచ్చింది. అది ఆడవాళ్ల గురించి. శక్తి పంపేది ఎప్పుడూ మగవాడు. ఎదురుగా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటాడు, పొట్ట మీద చెయ్యి వేస్తాడు, కళ్లలోకి చూస్తాడు. స్పృహ సరిగా లేని ఆ స్థితిలో ఆడదానికి రక్షణ ఏమిటని అందులో అడిగారు.

దానిలో ఆడవాళ్ల నరాలు బలహీనమనీ, ఊహ ఎక్కువనీ రాసిన వాక్యాలు చూస్తే ఒళ్లు మండుతుంది. చెట్టు కింద పడిపోయింది కుర్రాడే కదా! కానీ అసలు హెచ్చరిక మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. బాధ ఏమిటంటే దాన్ని ఆడవాళ్లకి చెప్పకుండా రాజుగారికి చెప్పారు. మామూలు నివేదికని వేల ప్రతులు అచ్చువేసి పంచారు. మనకి పనికొచ్చే కాగితాన్ని మాత్రం దాచిపెట్టారు.

ఆ తర్వాత

మెస్మర్ పారిస్ వదిలేశాడు. ఊళ్లు తిరిగాడు. 1789లో మొదలైన విప్లవంలో ఆస్తి చాలావరకు పోయింది. ఆయన్ని విచారించినవాళ్లలో బాయీని 1793లో, లెవోయిజర్‌ని 1794లో గిలోటిన్ యంత్రం కిందే చంపేశారు. మెస్మర్ మాత్రం బతికిపోయాడు. స్విట్జర్లాండ్‌లో కొన్నేళ్లు గడిపి, చివరికి పుట్టిన సరస్సు ఒడ్డుకే తిరిగొచ్చాడు. 1815 మార్చి 5న మీర్స్‌బర్గ్‌లో 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తన సూక్ష్మద్రవం నిజమేనన్న నమ్మకం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఆయన మోసగాడని నాకనిపించదు. తన చేతిని తానే అందరికంటే ఎక్కువ నమ్మినవాడు.

ఆయన విద్య ఇంకో దారి పట్టింది. శిష్యుడు ప్యుసెగూర్ 1784లోనే ఒక పల్లెటూరి యువకుణ్ణి కొట్టుకోవడాలేవీ లేకుండా నిద్రలాంటి స్థితిలోకి పంపగలిగాడు. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ ఇందులో ద్రవమూ లేదు, అయస్కాంతమూ లేదు, ఉన్నది మనసేనని చెప్పి హిప్నాటిజం అన్న పేరు ఖాయం చేశాడు. మన దేశంలోనూ ఇది అడుగుపెట్టింది. బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండ్ డాక్టరు 1845లో రోగులని మెస్మరిజంతో మత్తులో ఉంచి ఆపరేషన్లు చేశాడు. మత్తుమందు ఇంకా మన దేశానికి రాని రోజులవి. మరుసటి ఏడాది ప్రభుత్వం కలకత్తాలో ఆయనకి ఓ చిన్న ఆస్పత్రే ఇచ్చింది.

మన ఊరి సెషన్లో ఏముంటుంది?

రేకీని జపాన్‌లో 1922లో మికావో ఉసుయి మొదలుపెట్టాడు. ప్రాణిక్ హీలింగ్‌ని 1980లలో ఫిలిప్పీన్స్‌లో చోవా కోక్ సుయి ప్రచారంలోకి తెచ్చాడు. ఇవి మెస్మర్ నుంచి నేరుగా వచ్చినవి కావు. కానీ గదిలోకి వెళ్తే మాత్రం తేడా పెద్దగా తెలియదు. మా తోటికోడలు పార్శ్వనొప్పికి ఒకచోటికి వెళ్తుంటే తోడుగా వెళ్లి నేను పక్కనే కూర్చున్నాను. మసక వెలుతురు, సన్నగా వేణువు, అగరువత్తి వాసన. బట్టలతోనే బల్ల మీద పడుకోబెట్టారు. తల దగ్గరనుంచి పాదాలదాకా ఒక్కోచోట కొన్ని నిమిషాలు చేతులు ఆనించీ ఆనించనట్టు పెట్టారు. వెచ్చగా ఉందంది. వేళ్లలో జిలజిలమందంది. మధ్యలో కళ్లనీళ్లు కారాయి. తర్వాత గురకపెట్టి నిద్రపోయింది. రెండురోజులు తలనొప్పి లేదు. మూడోనాడు వచ్చింది.

ఆ వెచ్చదనానికి దైవశక్తి అక్కర్లేదు. ఎవరి అరచెయ్యయినా ఒంటికి దగ్గరగా పెడితే వేడి తెలుస్తుంది. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల, చేత్తో శక్తి తెలుస్తుందనే 21 మంది హీలర్లని పరీక్షించింది. మధ్యలో అట్ట అడ్డుపెట్టి, వాళ్ల రెండు చేతుల్లో ఏదో ఒకదాని మీదుగా తన చెయ్యి ఉంచి ఏదో చెప్పమంది. 280 సార్లలో సరిగా చెప్పింది నూటికి 44 వంతులే. గాలివాటంగా చెప్పినా సగం సరిపోవాలి కదా! 1998లో అది పేరున్న వైద్యపత్రికలోనే అచ్చయింది.

మరి ఆ రెండురోజుల ఉపశమనం అబద్ధమా? కాదు. ఇంట్లో ఉన్నప్పుడు గంటసేపు ఎవరూ పిలవకుండా, కుక్కరు కూతకి ఉలిక్కిపడకుండా మనం పడుకున్నది ఎప్పుడు? ఎవరైనా మన నొప్పి గురించి ఓపిగ్గా అడిగి, తలమీద చెయ్యివేసింది ఎప్పుడు? బిగుసుకున్న మెడ సడలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, దిగమింగుకున్న ఏడుపు బయటికొస్తుంది. ఇవి నిజంగా జరిగేవే. ఆశించవలసిందీ అంతవరకే. గడ్డ కరగదు, షుగరు తగ్గదు, థైరాయిడ్ సర్దుకోదు.

అందుకే వెళ్లదలుచుకుంటే నాలుగు సంగతులు మనసులో పెట్టుకోండి. రొమ్ములో గడ్డో, ఆగని రక్తస్రావమో, ఉన్నట్టుండి బరువు తగ్గడమో ఉంటే ముందు డాక్టరు, తర్వాతే ఏదైనా. బీపీ మాత్రలు, ఇన్సులిన్ ఆపమన్నవాళ్ల గడప మళ్లీ తొక్కకండి. నొప్పి ఎక్కువైతే విషాలు బయటికి పోతున్నాయి, మంచిదే అంటే ఆ మాట మెస్మర్ నాటి సంక్షోభమేనని గుర్తుపెట్టుకుని వైద్యుడికి చూపించుకోండి. ఊరవతలనుంచే శక్తి పంపుతామంటే కాగితం తలుపు వెనక కబుర్లు చెప్పిన ఆ కుట్టుపనామెని తలుచుకోండి.

తోడు లేకుండా వెళ్లకండి. ఎక్కడ చెయ్యి వేస్తారో ముందే అడగండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పడానికి మొహమాటపడకండి. పది సెషన్లకి ముందే డబ్బు కట్టకండి. క్యాన్సర్, మధుమేహం, అంధత్వం లాంటివి మహిమలతో నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరమన్న సంగతి కూడా తెలిసుండటం మంచిది.

ఇంతకీ ఆ కళ్లు లేని పియానో పిల్ల ఏమైందని అడుగుతారేమో. ఆమెకి చూపు రాలేదు. కానీ ఇంట్లో కూర్చోలేదు. 1784లో, సరిగ్గా మెస్మర్ మీద విచారణ జరుగుతున్న రోజుల్లోనే పారిస్ వచ్చి కచేరీలు చేసి చప్పట్లు కొట్టించుకుంది. లండన్ వెళ్లింది. అక్కడ పారిస్‌లో ఆమెని కలిసిన వాలెంతిన్ అవీ 1785లో అంధుల కోసం పాఠశాల తెరిచాడు. ఆమె సొంతంగా పాటలూ సంగీత నాటకాలూ కట్టింది. 1808లో వియన్నాలో సంగీత పాఠశాల పెట్టి ఆడపిల్లలకి నేర్పింది. 1824లో మరణించేదాకా ఆ పని మానలేదు. ఆస్థాన వైద్యుల జలగలకీ, మెస్మర్ చేతికీ లొంగని చీకటిని పక్కన పెట్టుకునే ఆమె అంత పని చేసింది.